కోడలు కత్తిరించిన పచ్చవైరు

ఇనుము కనబడితే చాలు, కరెంటు మేస్త్రీగారు దానికి పచ్చవైరు కలిపి ఎర్త్ ఇవ్వాల్సిందే. ఆయన ఇనప మంచానికీ పచ్చవైరు ఉందనీ, పెంపుడు పిల్లి మెడకి కూడా కట్టబోతే అది గోడ దూకి మళ్ళీ మొహం చూపించలేదనీ వీధిలో చెప్పుకునేవాళ్ళు. పిల్లి సంగతి అబద్ధం. మంచం సంగతి నిజం.

ఆయన కొడుక్కి స్విచ్చి వెయ్యాలన్నా గుండె దడ. అందుకే పనిముట్ల సంచి కోడలి భుజానికెక్కింది. మోటారులో తీగ చెడి బాడీకి తగిలితే కరెంటు పచ్చవైరు వెంట భూమిలోకి పరిగెత్తి ఫ్యూజు ఎగరగొడుతుందని, మనిషి బతుకుతాడని నేర్పింది మావగారే. ఆ మావగారికే ఆమె ఎదురుతిరిగింది.

పిల్లల ఈతకొలను పని అది. నీళ్ళలోపల గోడకి పన్నెండు వోల్టుల లైట్లు. మర్నాడే పిల్లలు దిగాలి. లైట్లు బిగించిన ఇనప గిన్నెలన్నిటికీ మావగారు పచ్చవైరు కలిపేసి ఉంచారు. కోడలు కటింగ్ ప్లయరు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో వైర్లొచ్చే పైపు మొదట్లోకంటా ఒక్కొక్కటీ కత్తిరించేసింది.

"ఏమ్మా, మతి పోయిందా?" అని అరిచారు మేస్త్రీగారు. "నీళ్ళలో లైటుకి ఎర్త్ తీసేస్తావా?"

"వీటికి ఉండకూడదు మావయ్యా."

"పంపు మోటారుకి కూడా పీకెయ్యి మరి!"

"మోటారుది రెండొందల ముప్ఫై వోల్టులు. దానిది ముట్టుకుంటే మీ చెయ్యి విరిచేస్తాను. ఈ లైట్లది వేరే ట్రాన్స్‌ఫార్మర్, పన్నెండే. దాని తీగలకి బయట దేనితోనూ చుట్టరికం లేదు, అదే వాటి రక్ష. మీ పచ్చవైరు ఊరందరికీ ఉమ్మడి దారి. పంపు రూములో మోటారు చెడితే, ఫ్యూజు పోయేలోపు ఆ కరెంటు ఇదే దారిన పిల్లల దగ్గరికొస్తుంది."

"ఇన్నేళ్ళూ ఇచ్చాను, ఎవడూ చావలేదు."

"ఇన్నేళ్ళూ మీరు నీళ్ళలో లైటు పెట్టలేదు."

ఆయన మొహం కందగడ్డయింది. "అంత నమ్మకముంటే నువ్వే దిగి చూపించు."

"దిగను. నేను బతికి బయటికొస్తే మోటారు బాగున్నట్టు, అంతే. చెడిన రోజు మాటేంటి?"

"రేపట్నించి పనిలోకి రాకు."

"వస్తాను. ఎవరైనా కలిపితే మళ్ళీ కత్తిరిస్తాను."

పొద్దున్నే వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. మేస్త్రీగారు కొత్త పచ్చవైరు చుట్ట భుజాన వేసుకొచ్చారు. ఆమె కదల్లేదు. గేటు దగ్గర పిల్లలు తువ్వాళ్ళతో గోల చేస్తున్నారు. ఆయన పంపు రూము వైపు చూశారు, నీళ్ళ వైపు చూశారు, పిల్లల వైపు చాలాసేపు చూశారు. చుట్టని నేలమీద పడేశారు.

"మోటారు ఎర్త్ నట్టు బిగించాలి. స్పానరు పట్రా."

"ఎవర్ని పిలుస్తున్నారు? పనిలోంచి తీసేసినదాన్నా?"

ఆయన పళ్ళు నూరుకున్నారు. "రా తల్లీ, రా."

"ముందు ఈ పెట్టెకి తాళం వెయ్యండి," అంది కోడలు, స్టూలు మీంచి లేవకుండానే. "తాళంచెవి నాకివ్వండి."