ఆరున్నొకటో నంబరు

బందరు నుంచి దివిసీమలో ఒక మండలాఫీసుకి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఉద్యోగం జూనియర్ అసిస్టెంటు, కోపం మాత్రం కలెక్టరుగారంత. పంచాయతీ ఎన్నికలయ్యాక నాకొక పని తగిలించారు. పోటీ చేసిన ప్రతివాళ్ళూ, గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన నలభై ఐదు రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్క మా ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ళపాటు మళ్ళీ నిలబడటానికి లేదు. ఆ లెక్కలు తీసుకోవడం నా పని.

గెలిచినవాళ్ళ లెక్కలు చక్కగా వచ్చేవి. ఊరంతా బిర్యానీలు తిన్న సంగతి అందరికీ తెలుసు, కాయితం మీద మాత్రం నాలుగు టీలు, రెండు కట్టల కరపత్రాలు. బిల్లులు సరిగ్గా ఉండేవి కాబట్టి నేను కిక్కురుమనకుండా ముద్ర కొట్టేదాన్ని.

ముప్ఫై ఎనిమిదో రోజున ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వార్డు మెంబరుగా నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. వాళ్ళ పేట నుంచి శ్మశానానికి దారి లేదు. ఊడ్పులయ్యాక ఎవరైనా పోతే మోకాలి లోతు బురదలో, పరాయివాళ్ళ చేలకి అడ్డం పడి మోసుకెళ్ళాలి. ఆ దారి కోసమే నిలబడ్డానని, మళ్ళీ నిలబడతానని నేను అడక్కుండానే చెప్పింది. కాటాలూ కోత మిషన్లూ వచ్చేదాకా ఆవిడా, మొగుడూ కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాళ్ళట.

ఆవిడిచ్చిన నోటు పుస్తకం తెరిచాను. మొదటి వరసే "లాభం" అని మొదలైంది. లాభం: మా ఆయన సైకిలు, అద్దె లేదు. రెండు: కరపత్రాలు. మూడు: ఆటో, మైకు, ఒక్క పూట. అలా వెళ్ళి వెళ్ళి ఆరు తర్వాత "ఆరున్నొకటి: ఆఖరి రోజు మజ్జిగ" అని ఉంది. అంతే, ఇంక ఖర్చు లేదు.

నాకు నవ్వాగలేదు. "ఓడిపోయినవాళ్ళకి లాభమేంటండీ పిన్నిగారూ?" అన్నాను. పక్క సీటాయన కూడా నవ్వాడు.

ఆవిడ నొచ్చుకోలేదు. "కొలతలో మొదటిదాన్ని ఒకటి అనకూడదండీ. ఒకటంటే ఒకటితోనే ఆగిపోద్ది. లాభం అని మొదలెట్టాలి. ఆరు తర్వాతదంటారా, ఆ మాటంటే ఏడవమన్నట్టే కదండీ. మా ఆయన చచ్చినా అననివ్వడు" అంది.

నాకు తెలియని సంగతేం కాదది. మా అమ్మమ్మ బియ్యం కొలిచేటప్పుడు లాభం అంటేనే గాని చెయ్యి కదిలించేది కాదు. అన్నీ తెలిసి కూడా, "ఇది కళ్ళం కాదండీ, ఆఫీసు. నమూనా కాయితంలో ఒకటి, రెండు అని వరసగా రాయించుకురండి. ఏడుని ఏడనే రాయాలి. సైకిలుకి కూడా ఏదో ఒక అద్దె కట్టండి" అని పుస్తకం వెనక్కి తోశాను.

"పోనీ ఇది మీ దగ్గరుంచండి అమ్మాయిగారూ. తప్పులుంటే తర్వాత దిద్దుకుంటాను" అంది.

కుదరదన్నాను. నా బస్సుకి టైమవుతోంది, నిజానికి అంతకంటే పెద్ద కారణమేం లేదు.

యాభై రెండో రోజున మళ్ళీ వచ్చింది. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. "మీరు చెప్పినట్టే రాయించానండీ" అంటూ కాయితం ఇచ్చింది. ఒకటి నుంచి ఏడు దాకా వరసగా ఉంది. మొగుడి సైకిలుకి రోజుకింత అని అద్దె కూడా కట్టింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ? గడువు దాటిపోయింది" అని కసిరాను.

"ఇది రాయించిన మర్నాడే మా ఆయన పడిపోయాడమ్మా. పక్షవాతం. బందరులో ఆసుపత్రిలో ఉన్నాం" అంది. నన్నేమీ అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది.

కాయితం మీద "ఆలస్యంగా అందినది" అని రాసుకున్నాను. సూపరింటెండెంటుగారు అది చూసి, "ముందొకసారి తెచ్చిందన్నావుగా, అప్పుడే తీసుకుని రసీదు ఇచ్చుండాల్సిందమ్మా. తప్పులుంటే తర్వాత దిద్దించుకునేవాళ్ళం. గడువులోగా రావడమే ముఖ్యం" అన్నారు. నా తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా ఇంటికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది, జవాబు రాలేదు. ఆవిడ ముప్ఫై ఎనిమిదో రోజునే వచ్చిందని ఫైల్లో నేనొక్క ముక్క రాస్తే సరిపోయేది. నా ఉద్యోగానికి ఎసరొస్తుందని రాయలేదు. ఇన్నేళ్ళయినా ఆ పిరికితనం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ వానాకాలం ఊడ్పులయ్యాక ఆవిడ మొగుడు పోయాడు. ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి ఏదో పని మీద వచ్చి చెప్పాడు. చేలో మోస్తున్నవాళ్ళలో ఒకతని కాలు జారి పాడె పక్కకి ఒరిగిపోయిందట. ఆవిడ గట్టు మీదే నిలబడి చూస్తూ ఉండిపోయిందట. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధి కాలేదు నాకు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ వార్డులో గెలిచినాయన రాజీనామా చేశాడు. ఉప ఎన్నిక వచ్చింది. నామినేషన్ల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. రెండో రోజు పదకొండింటికి ఆవిడ మెట్లెక్కి రావడం చూశాను. ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

డిపాజిట్ డబ్బు కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. "సైకిలు నాకు తొక్కడం రాదనుకోండి, నడిపించుకుంటూ తిరుగుతాను. ఈసారి లెక్క ఒకటితోనే మొదలెడతానమ్మా, మీకు మాట రానివ్వను" అని నవ్వింది.

పోటీకి అనర్హుల జాబితా నా చేతికిందే ఉంది. దాన్ని టైపు చేసింది కూడా నేనే. జాబితా చూపించి చెప్పాను. లెక్క ఆలస్యమైందనీ, మూడేళ్ళ నిషేధం ఇంకా తీరలేదనీ, ఈసారికి కుదరదనీ. తప్పు నాదని కూడా చెప్పాను, దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా.

ఆవిడ జాబితా తన వైపు తిప్పుకుంది. అద్దాలు లేవు, అక్షరాలు ఆనలేదు.

"నా పేరు ఎన్నో నంబరండీ?" అంది.

చూశాను. ఆ అంకె నా నోట రాలేదు. "ఆరున్నొకటి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. బల్ల మీది డబ్బు తీసి, కొంగున మళ్ళీ ముడేసుకుంది.

"ఇప్పుడేం లాభం అమ్మా" అంది.