చుక్కల్లో దాగిన అంకె

అరవైల చివర్లో మా ఆయన సాలూరులో లారీ డ్రైవరు. హైస్కూలు సైన్సు ప్రదర్శనలో మా పెద్దమ్మాయికి మొదటి బహుమతి వచ్చిందంటే ఇద్దరం వెళ్లాం. తను చేసింది ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్ర చుక్కలతో అంకె వేసిన అట్ట. అందరికీ చూపించమంటే, అమ్మాయి తండ్రినే వేదిక మీదికి పిలిచింది.

"ఇందులో అంకేటో సెప్పు నాన్నా."

"అంకేటమ్మా? అన్నీ ఒక్కలాటి సుక్కలే గదా!"

చదువు రాదనుకుని జనం నవ్వారు. సైన్సు మాస్టారు నవ్వలేదు. "ఈయనకి ఎరుపు, పచ్చ తేడా తెలీదు" అన్నారు మెల్లగా.

ఇన్నేళ్లూ ఆ కళ్లతోనే ఘాట్ రోడ్డు మీద లారీ నడిపారు!

ఇంటిదారిలో ఆయన నావైపు తిరిగి అడిగారు. "ఏటే, మన పెళ్లినాడు నువ్వు కట్టిన సీర ఏ రంగు?"

"ఎర్రది" అన్నాను.

ఆ వారమే ఆయన స్టీరింగు వదిలి లారీల షెడ్డులో పనికి కుదిరారు. అన్నేళ్లు కాపురం చేసినా, ఆయన కంటికి నేనెలా కనిపించానో నాకూ తెలియదని ఆ ప్రదర్శన రోజే తెలిసింది.