కట్ట మీద నా బస్తాలు అందుకున్నవాడు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. బస్సు డ్రైవరును. నా సర్వీసులో సగం రాత్రి బండ్లే. ఫలానా మలుపులో తెల్లచీర కనిపిస్తుందని, ఫలానా వంతెన దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోతుందని కండక్టర్లు చెబుతుంటే నవ్వేవాణ్ణి. నిజంగా ఉంటే ఇన్నేళ్లలో ఒక్క దయ్యమైనా చెయ్యెత్తి నా బస్సు ఆపాలి కదా అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. నమ్మకం కుదిరిందని కూడా చెప్పలేను. ఏమనుకోవాలో తెలియక ఊరుకుంటున్నాను, అంతే.

మాది తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో కాస్త లోపలికి ఉండే చిన్న ఊరు. ఊరికి ఎగువన చెరువు, చెరువు కట్ట కిందే కాలనీ. మా అక్క ఇల్లు కాలనీలో మొదటి వరసలో ఉంది. బావ మునిరత్నం తాపీ మేస్త్రీ. పిల్లలు లేరు. ఇంట్లో వాళ్లిద్దరితో పాటు బావ వాళ్లమ్మ ఉంది, మంచం దిగలేని ముసలామె.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. వాన తెరిపి ఇవ్వలేదు. చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మొరవ మీద ఎర్రగా పొర్లుతోంది. రోడ్లు కోసుకుపోయి బస్సులు ఆపేశారు కాబట్టి నేను ఊర్లోనే ఉన్నాను. పొద్దున్నే ఎవరో అరుచుకుంటూ వచ్చారు, కట్టకు ఊట పడిందని. పోయి చూస్తే కట్ట వెలుపలి వైపు అడుగున బురదనీళ్లు ఉబుకుతున్నాయి. తేటనీళ్లయితే అంత భయం లేదు. బురద వస్తోందంటే లోపల మట్టి కరుగుతున్నట్టే. అది పెద్దదైతే కట్ట తెగుతుంది. తెగితే మొదట పోయేది అక్క ఇల్లే.

కాలనీ వాళ్లందరినీ మెరక మీదున్న హైస్కూలుకు పొమ్మన్నారు. ఊట చుట్టూ మట్టి బస్తాలు పేర్చాలంటే ఊరంతా వెతికినా ఖాళీ గోతాలు చాలలేదు. బావ మోటార్ సైకిల్ తీసుకొని గోతాల కోసం టౌనుకు పోయాడు. అక్క మాత్రం ఇల్లు కదలనంది.

"ఆయన్ని రానీ. వచ్చి ఇంట్లో ఎవురూ లేకుంటే ఈ కట్ట కిందనే మాకోసం ఎతుకులాడతా ఉంటాడు. పోతే ముగ్గురమూ పోతాం" అంది.

బతిమాలాను, తిట్టాను. వినలేదు. ఫోన్లు పనిచేయడం లేదు. మా అక్క మొండితనం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. అయినా ఆ రోజు వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నానికి ట్రాక్టరు గోతాలతో వచ్చింది. బావే ఎక్కించి పంపాడట. "ఎనకాలే బండి మీద వస్తా ఉండాడు" అన్నాడు ట్రాక్టరు అతను. దారికి అడ్డంగా పారే వంక మీద కాజ్‌వే అప్పటికే మునిగి పారుతోందని కూడా చెప్పాడు. గోతాలు దించే హడావుడిలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

పైన మట్టి నింపే చోటు నుంచి కింద ఊట దాకా వరసగా నిలబడ్డాం. బస్తా చేతులు మారుతూ పోవాలి. అటు చివర నడుములోతు బురదలో మా ఊరి గోవిందయ్య కట్ట వైపు ముఖం పెట్టి, బస్తాలు అందుకొని పేరుస్తున్నాడు. వాన ముఖాన కొడుతుంటే కళ్లు తెరవడమే కష్టంగా ఉంది. అందరం తలా ఒక గోతాన్ని మూల లోపలికి మడిచి నెత్తిన కప్పుకున్నాం.

కాసేపటికి చూస్తే నా పక్కన, నాకూ గోవిందయ్యకూ మధ్య బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో గమనించలేదు. రావలసిన మనిషి వచ్చాడు, అందులో వింతేముంది? నేను ఇచ్చిన బస్తా అందుకొని అటు ఇస్తున్నాడు. గోతం కింద ముఖం సగమే కనిపిస్తోంది. బస్తా అడుగున మా వేళ్లు తగిలేవి. సిమెంటుకు పగిలిపోయిన ఆ గరుకు వేళ్లు నాకు తెలుసు. ఒకసారి బస్తాను పై మూలలు పట్టుకొని ఇవ్వబోతే కసిరాడు.

"చెవులు పట్టుకోవద్దబ్బా, సినిగిపోతాది. అడుగు పట్టుకో."

పనిలో ఉంటే బావ ఎవరినైనా అట్లాగే కసురుతాడు. నేను కూడా ముఖం మాడ్చుకున్నాను.

పైన మట్టి నింపడం ఆలస్యమై వరస ఆగినప్పుడు, అక్కకు చెప్పి వస్తానన్నాను. తలూపాడు. కాలనీలోకి పరుగెత్తాను. అక్క గడప మీదే కూర్చొని ఉంది.

"బావ వచ్చినాడు. కట్ట మీద నా పక్కనే ఉండాడు. ఇంగ లెయ్యక్కా" అన్నాను.

అక్క నా ముఖం ఒక్కసారి చూసి లేచింది. ముసలామెను నేనే ఎత్తుకొని, ఇద్దరినీ స్కూలుకు చేర్చి మళ్లీ కట్టకు వచ్చాను. బావ అదే చోట ఉన్నాడు. "ఇంగ ఇయ్యి" అని చేతులు చాచాడు.

పొద్దు గూకే వేళకు ఊట తేటపడింది, సన్నబడింది. అందరూ కేకలు వేశారు. నేను పక్కకు తిరిగేసరికి బావ లేడు. స్కూలుకు పోయి ఉంటాడనుకున్నాను. అక్కడా లేడు. "యాడుండాడు రా?" అని అక్క అడిగితే, "ఇంతసేపూ నా పక్కనే కదా ఉండాడు" అని విసుక్కున్నాను.

కట్ట నిలిచింది. కానీ అప్పటికే కాలనీలోకి కారిన నీళ్లకు నాని, అక్క వాళ్ల ఇంటి వెనక గోడ ఆ సాయంత్రమే కూలింది. ముసలామె మంచం ఆ గోడ కిందే నుజ్జయింది.

మరుసటి రోజు వంక తగ్గాక అవతలి ఊరివాళ్లు వచ్చారు. ట్రాక్టరు దాటిన కాసేపటికే బావ బండితో కాజ్‌వే మీదికి దిగాడట. వద్దు వద్దని అరుస్తూనే ఉన్నారట. నడుమకు వచ్చేసరికి బండీ మనిషీ కలిసి కొట్టుకుపోవడం గట్టున ఉన్నవాళ్లంతా చూశారు. ఇటు కబురు చెప్పడానికి దారి లేదు. అంటే మేం వరసలో నిలబడక ముందే జరిగిపోయింది. మీరు చూసింది ఇంకెవరినో అని నేను వాళ్లతో గొడవకు దిగాను. తరువాత దిగువన కంపచెట్లలో బావ దొరికాడు. గుర్తుపట్టడానికి పోయింది నేనే.

వస్తున్నాడని ట్రాక్టరు అతను చెప్పాడు కాబట్టి, గోతం కప్పుకున్న ఎవరినో చూసి బావ అనుకున్నానేమో. ఆ వానలో, ఆ అలసటలో అది జరగరానిదేం కాదు. అందుకే వరసలో ఉన్న ప్రతి మనిషినీ అడిగాను. నా పక్కన నిలబడింది తానేనని ఒక్కరూ అనలేదు. గోవిందయ్య నా వైపు తిరిగి చూడనే లేదట. "నువ్వే ఇస్తా ఉండావనుకుంటి" అన్నాడు. వాన వెలిశాక ఆ చోటికి పోయి చూశాను. నేను నిలబడ్డ చోటుకూ గోవిందయ్య ఉన్న చోటుకూ మధ్య కట్ట జారి పెద్ద గుంత పడి ఉంది. అది పని మొదలుకాక ముందే జారిందని, చెయ్యి చాస్తే అందేంత దగ్గర కాదని గోవిందయ్యే చూపించాడు. మరి బస్తాలు ఆయన చేతికి ఎట్లా చేరాయో ఆయనా చెప్పలేకపోయాడు.

ఊర్లో వాళ్లు వేరే లెక్క వేసుకున్నారు. అక్కను కదిలించడానికి నేను సమయానికి మంచి అబద్ధం ఆడానని, ఆ అబద్ధమే రెండు ప్రాణాలు కాపాడిందని మెచ్చుకుంటారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. జాలిగా చూస్తుంటే చెప్పడం మానేశాను. అబద్ధమే ఆడి ఉంటే ఎంత బాగుండేదో. హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అక్క మాత్రం అబద్ధమా నిజమా అని నన్ను ఎన్నడూ అడగలేదు. బావ కర్మంతరం అయ్యి, చుట్టాలందరూ వెళ్లిపోయాక, కూలిన గోడ మట్టిని ఇద్దరం గంపలతో ఎత్తిపోస్తున్నాం. ఉన్నట్టుండి గంప దించి, నా వైపు తిరిగింది.

"తమ్ముడా, ఆ పొద్దు ఏమీ తినకుండానే పోయినాడు. అంతసేపు నీ పక్కనే ఉండె గదా. అన్నం తింటివా బావా అని ఒక్క మాట అడిగితివా?"

అడగలేదు. బస్తాలు ఇస్తూ ఉండిపోయాను. గంప ఎత్తుకొని బయటికి వచ్చేశాను.