ఆయిసీతో అనే దూరం

ఒడీలియా సియాచోకె మా బడిలోనే చదువుకుంది. బంగాళదుంపల బస్తాతో తూచితే తక్కెడ బస్తావైపే మొగ్గేంత బక్కపిల్ల. ఆ తేలికదనమే ఆమెకు అన్నం పెట్టింది. చివరకు ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టబోయిందీ అదే.

మా బొయకా సీమలో కొండలెక్కే సైకిలు పందెగాళ్లను పేడపురుగులంటాం. అది తిట్టు కాదు, బిరుదు. ఒకప్పుడు ఇటువంటి బక్కవాళ్లు కొండ మొదట్లోనే గుంపును విడిచి, ఒంటరిగా శిఖరం చేరి గెలిచేవారు. ఇప్పుడు బలిష్ఠులే కాలిబలం కొలిచే మీటరు చూసుకుంటూ నిలకడగా తొక్కి కొండలెక్కుతున్నారు. మైదానంలో బక్కవాళ్లను మరీ వెనక్కు నెడుతున్నారు.

ఒడీలియా జట్టును నడిపే పార్మేనియో ఆమెకు ఆ సంగతే చెప్పాడు.

“పేడపురుగుల రోజులు పోయాయమ్మాయ్. గాలొస్తే నువ్వు గాలిపటానివి. మన జట్టు నాయిక రోసాల్బాని కొండమీదికి లాక్కెళ్లగలిగితే వచ్చే ఏడు జట్టులో ఉంటావు. లేదంటే ఇంటికెళ్లి దుంపలు తవ్వుకో.”

“దుంపలు తవ్వడం వచ్చు సార్. రానిదే నేర్చుకుంటా.”

ఆ వానాకాలమంతా ఎదురుగాలిలో మైదానపు దారిన తొక్కింది. తల్లి పోసిన రెండో గిన్నె సూపూ వదలకుండా తాగింది. గెలుచు, గెలిపించు: వ్యాకరణంలో రెండోదాన్ని ప్రేరణార్థకమంటారు. చూడ్డానికి చిన్న ప్రత్యయమే. దాన్ని కాళ్లతో మోయవలసి వచ్చినప్పుడు దాని బరువు తెలుస్తుంది.

పందెంలో చివరి కొండ మా ఊరిదే. రోసాల్బా మైదానపు మనిషి, పొడగరి. పందెం జరిగిన రోజులన్నీ కలిపి లెక్కేస్తే అందరికన్నా ముందున్నది ఆమే. ఒడీలియా ఆమె ముందు తొక్కుతూ గాలికి అడ్డు కాస్తోంది. ప్రత్యర్థి ఒకతె వారిని అంటుకునే వస్తోంది. వానకు మీటర్లు మూగబోయాయి, కొండమలుపుల్లో చెవిలోని రేడియోలూ పలకడం లేదు. దారిపక్కన కంబళి కప్పుకున్న ముసలాయన ఒకడు కేకేశాడు.

“శిఖరం ఆయిసీతో తల్లీ, ఆయిసీతో.”

‘అక్కడ’ అనే మాటకు ముద్దుప్రత్యయం తగిలించి, ‘అదిగో, దగ్గరే’ అన్నట్టు మావాళ్లు చేసుకున్న పదమది. ప్రత్యయంతో దూరం తగ్గదు, నడిచేవాడి భయం తగ్గుతుంది. అందుకే మా ఊళ్లో ఏ దూరమైనా ఆయిసీతోనే.

ఆ మాట నమ్మి ప్రత్యర్థి దూసుకుపోయింది. రోసాల్బా కూడా సీటు మీదినుంచి లేచింది.

“ఎక్కడికక్కా?”

“వినలేదుటే? శిఖరం ఇక్కడేనట. అది పోతోంది చూడు.”

“పోనీ. మా తాత సంత కూడా ఆయిసీతోనే అనేవాడు. పొద్దున్నే బయల్దేరితే చీకటిపడ్డాక చేరేవాళ్లం. కూర్చో. నా చక్రం వదలకు.”

“అది తప్పించుకుపోతే నా పందెం పోతుందే.”

“నా ఉద్యోగమూ పోతుంది. కూర్చో.”

ఒడీలియా తలచుకుంటే ఒంటరిగా వెళ్లి ఆ ప్రత్యర్థిని అందుకోగలదు. కాళ్లు అందుకే తహతహలాడాయి. వాటిని అదిమిపెట్టి, ఒకే వేగంతో తొక్కింది. పశువులపాక మలుపులో ప్రత్యర్థి సైకిలు వంకరలు తిరుగుతూ కనిపించింది. పలకరించకుండా దాటిపోయారు. అసలు శిఖరం కనబడ్డాకే ఒడీలియా పక్కకు తప్పుకొని, “ఇప్పుడు లే అక్కా,” అంది.

రోసాల్బా గెలిచింది. ఒడీలియా వెనకగా వచ్చి, గోడకు సైకిలు ఆనించి, బెల్లం నీళ్లు తాగుతుంటే పార్మేనియో వచ్చాడు.

“వచ్చే ఏడూ ఉంటున్నావు.”

“ఉంటా సార్. కానీ ఒక్క కొండ నాకోసం నేనెక్కాలి.”

“ఎప్పుడు?”

“ఆయిసీతో.”

పార్మేనియోదీ మా వైపే. అది ఎంత దూరమని అడగలేదు.