ముందు సీటు అత్తది

బండి ఎత్తుగా ఉండాలి. పాత బండ్లు చూడటం మొదలుపెట్టినప్పుడు మా ఆయనా నేనూ మొదట అనుకున్న మాట ఇదే.

మా ఊరు కార్వేటినగరానికి అవతల, మామిడి తోటల మధ్య ఉంది. తారురోడ్డు దిగాక ఇంటిదాకా రాళ్ళు తేలిన బాట. దానికి అడ్డంగా ఒక వంక. ఎండాకాలం అందులో చక్రం దిగిపోయేంత ఇసుక, వానలు పడితే మోకాటి లోతు నీళ్ళు. అద్దె కారువాళ్ళు వంక చూసి అక్కడే ఆగిపోతారు. ఆటోవాళ్ళయితే తారురోడ్డు మీదే దించేసి వెనక్కి తిప్పుకుంటారు.

పాపకు ఆయాసం. ఏడాది నిండకముందే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తిరుపతిలో పిల్లల డాక్టరుకు తరచూ చూపించాల్సి వచ్చేది. మా ఆయనకు తోట పని తెమలదు కాబట్టి పాపను తీసుకుని అత్తా నేనూ పోయేవాళ్ళం. అత్త పాపను చంకనేసుకుని ముందు నడిచేది. సంచీ పట్టుకుని వెనక నేను. తారురోడ్డు మీద బస్సెక్కి, పుత్తూరులో మారి తిరుపతి చేరేవాళ్ళం. సూది వేసేటప్పుడు పాప నా దగ్గర ఉంటే గుక్కపట్టి ఏడ్చేది, అత్త ఒళ్ళో అయితే కాసేపు ఏడ్చి ఊరుకునేది. డాక్టరు కూడా "అవ్వకే ఇవ్వండి" అనేవారు.

మోకాళ్ళు నొప్పులని అత్త అప్పుడప్పుడూ అంటుండేది కానీ బస్సెక్కడానికి ఎప్పుడూ వెనకాడలేదు. బస్సుకు రెండు పక్కలా పట్టుకునే కమ్మీలుంటాయి. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. కండక్టరు "నిమ్మళంగా ఎక్కవ్వా, బస్సు యాడికీ పోదు" అని చెయ్యి అందించేవాడు.

ఇంట్లో మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. నేను డిగ్రీ చదివి వచ్చిన కోడల్ని, ఆమె పొద్దున లేస్తే గొడ్లతో తోటతో ఉండే మనిషి. కానీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆమె నోరు ఆగేది కాదు. ఫలానా స్టాపులో కనకాంబరాలు అమ్మే ఆమె ఈసారి ఎందుకు రాలేదో, ఆ గుడిసె ముందు నిలబడ్డ మనిషికి పోయినేడు పెళ్ళెలా చెడిందో, అన్నీ చెప్పేది. మా ఆయన చిన్నప్పుడు ఎంత మొండివాడో నాకు తెలిసింది ఆ బస్సులోనే.

ఒక వానాకాలం పాపకు ఆయాసం ఎక్కువైన రోజున వంక పారుతోంది. మా ఆయన పాపను భుజానికెత్తుకుని నీళ్ళలో నడిచాడు. నేను గట్టున నిలబడి అత్త చెయ్యి పట్టుకున్నాను. అవతలి గట్టుకు చేరి ఆయన చెయ్యి ఊపేదాకా వదల్లేదు. ఆ వారమే బండి కొనాలని తీర్మానించుకున్నాం. కొత్తది మా శక్తికి మించినది. పాతదే, కానీ రాళ్ళలో ఇసుకలో నడిచేది, ఇంటిల్లిపాదీ పట్టేది.

చిత్తూరులో పాత బండ్లు అమ్మించే బ్రోకరు ఒకడు రకరకాలవి చూపించాడు. చివరికి ఒక మామిడికాయల వ్యాపారి వాడిన జీపులాంటి పెద్ద బండిని నేరుగా మా ఊరికే తెచ్చాడు. మా ఆయన దాని కిందికి దూరి, నేలకూ ఇంజనుకూ మధ్య సందును జానలతో కొలిచాడు.

"సూడప్పా, ఈ ఎత్తే దీని బలం," అన్నాడు బ్రోకరు. "మీ వంకలో రాయి కాదు గదా, బర్రెగొడ్డు పడుకోనుండినా అడుగు తగలదు."

"బర్రె ఒప్పుకోవాల గదా," అన్నాడు మా ఆయన కింద నుంచే.

నాకు భయాలు వేరు. తలుపులు నడుస్తుండగా తెరుచుకోవు కదా అని అడిగాను.

"మ్మా, ఈ తలుపు ముయ్యాలంటేనే ఇద్దురు మనుసులు కావాల. దానంతట అది యాడ తెరుసుకుంటాది?"

బ్రేకు వేస్తే వెనక సీట్లో పడుకున్న బిడ్డ జారిపడుతుందా, అద్దాల సందుల్లోంచి దుమ్ము వస్తుందా, ఎండకు లోపల ఎంత వేడెక్కుతుంది, అన్నీ అడిగాను. పాపది తెల్లగుడ్డ ఒకటి తడిపి లోపలి సీటంతా తుడిచి పెట్టాను, బాట మీద తిరిగొచ్చాక మళ్ళీ తుడిచి ఎంత దుమ్ము పడిందో చూద్దామని. వెనక సీటు మీద చెంబుతో నీళ్ళు పెట్టాను, ఎంత కుదుపు ఉంటుందో తెలుస్తుందని.

అత్త వాకిట్లో పాపను ఆడిస్తూ ఇదంతా చూస్తోంది. "ఏమ్మే, బండి కొంటాండారా, దాంట్లో కాపురం పెడతాండారా? నన్ను సూసేదానికి వచ్చినప్పుడు మీ మామ వాళ్ళు గూడా ఇన్ని అడగలేదు."

మా ఆయన నడిపాడు, బ్రోకరు పక్కన, నేను వెనక. రాళ్ళ మీద బండి ఒళ్ళు విరుచుకుంటూ ఎక్కింది. వంక ఇసుకలో ఒకచోట చక్రాలు ఊరికే తిరిగాయి. బ్రోకరు ఇంకో చిన్న గేరు కడ్డీ మార్చమన్నాడు. ముందు చక్రాలకు కూడా బలం అందగానే బండి మెల్లగా పాకి అవతలికి వచ్చేసింది. అద్దాలు గట్టిగా మూసుకున్నాయి, గుడ్డకు దుమ్ము దాదాపు అంటలేదు. చెంబులో నీళ్ళు మాత్రం సగం ఒలికాయి.

"నీళ్ళు పెట్టినావే, పెరుగు పెట్టుంటే వెన్నన్నా వచ్చుండు," అంది అత్త.

బ్రోకరు నవ్వి, "అవ్వా, నువ్వు గూడా ఎక్కి కూసో. ఒకతూరి తారురోడ్డు దాకా పోయొద్దారి," అన్నాడు.

"నేనెట్ల ఎక్కేదబ్బా? ఇంకా పూజ కాలేదు గదా."

నేనూ మా ఆయనా తల ఊపాం. మా ఇంట్లో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఎడ్లబండి కొన్నా, ట్రాక్టరు కొన్నా, కాణిపాకంలో పూజ అయ్యేదాకా ఇంటి పెద్ద ఆడమనిషి ఎక్కదు. పూజయ్యాక మొదట ఎక్కేది ఆమే. ముందు సీటు ఆమెది. అందుకని బండిని అందరూ అన్ని రకాలుగా పరీక్షించారు కానీ అత్తను మాత్రం ఎవరూ ఎక్కించి చూడలేదు. ఆమె గౌరవం కోసమే చూడలేదు. నేను లోపలికెళ్ళి బ్రోకరుకు కాఫీ తెచ్చేసరికి అత్త ఒక్కతే బండి పక్కన నిలబడి ఉంది. తలుపు కింది ఇనుప మెట్టు మీద అరచెయ్యి ఆనించి, అంతే ఎత్తున ఆ చేతిని తన తొడ దగ్గరికి తెచ్చుకుంది. దుమ్ము దులుపుకుంటోందనుకున్నాను.

బండి కొన్నాం. మంచిరోజు చూసి కాణిపాకం బయలుదేరాం. బండిలో మా ఆయన ఒక్కడే. పూజ కానిది అత్త ఎక్కదు కాబట్టి ఆమెకు తోడుగా పాపతో నేనూ బస్సులోనే వెళ్ళాను. దారంతా అత్త మంచి హుషారుగా ఉంది. తెలిసినవాళ్ళు ఎవరు ఎక్కినా "మా వోడు బండి కొన్నాడు, పూజకు పోతాండాము" అని చెప్పింది. "బండి కొని బస్సులో పోతాండావా, పెద్దమ్మా?" అని ఒకాయన నవ్వితే, "పోయేటప్పుడే బస్సు. వచ్చేటప్పుడు సూడు," అంది.

గుడి దగ్గర బండికి పసుపు కుంకాలు పెట్టి, పూలదండ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. కొబ్బరికాయ కొట్టారు. పూజారి, "ఇంటి పెద్దామె ఎవురు? ఎక్కమ్మా," అన్నాడు.

అత్త తలుపు పట్టుకుంది. కుడికాలు ఎత్తింది. పాదం మెట్టు దాకా పోలేదు. దించి, ఎడమకాలు ఎత్తింది. పట్టుకోవడానికి అక్కడ కమ్మీ ఏదీ లేదు. వెనక ఇంకెవరివో కొత్త బండ్లు వరుసలో ఉన్నాయి, జనం చూస్తున్నారు. అత్త ఒక్క క్షణం సీటు వైపు చూసి, నా వైపు తిరిగి పాపను తీసుకుంది. "ఎవురికోసరం కొన్న బండి ఇది? నా బంగారే ముందు కూసోవాల," అని రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టింది.

పూజారి మెచ్చుకున్నాడు. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఎక్కి పాపను పట్టుకున్నాను. బండి కదిలి నిమ్మకాయలు నలిగాయి. మేము ఆగి పిలిస్తే అత్త, "చిత్తూరులో మా చెల్లెల్ని సూసి శానాళ్ళయింది. మీరు పోండి, నేను రేపు బస్సుకు వస్తా," అంది. అదీ నమ్మాం.

ఆ మెట్టు ఆమె కాలికి అందదని తర్వాతి సారి తిరుపతికి బయలుదేరినప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. మా ఆయన ముక్కాలిపీట తెచ్చి మెట్టు ముందు వేసి, పట్టుకుని ఎక్కించాడు. ముందు సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చుంది. ఆ ఒక్కసారే. ఆసుపత్రి దగ్గర కాలువ పక్కన ఆపాల్సి వచ్చింది, నేల వాలుగా ఉంది, పీట నిలవలేదు. మా ఆయన చంకల కింద చేతులు వేసి ఆమెను మూటలా దించాడు. చీర పైకి పోయింది. నేను సర్దేలోపే అక్కడున్న ఆటోవాళ్ళలో ఒకడు, "అన్నా, అవ్వను దించేదానికి క్రేను పిలవాల్నేమో," అన్నాడు.

అత్త అందరికంటే ముందు నవ్వింది. "నా పెండ్లిలో గూడా ఎవురూ ఇట్ల ఎత్తుకోలేదబ్బా," అంది. కానీ తిరుగు ప్రయాణంలో ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి కూడా చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా, గొడ్లు ఉన్నాయనో, తోటలో మందు కొట్టేవాళ్ళు వస్తున్నారనో చెప్పింది.

మెట్టు కింద ఇంకో మెట్టు అతికిద్దామనుకున్నాం. అతికించాం కూడా. వంకలో రాయి తగిలి మొదటి వారమే వంగిపోయింది. అమ్మేసి కిందికి ఉండే కారు కొందామన్నాడు మా ఆయన. అత్త ఆయన మీద లేచింది. "వంక దాటని కారెందుకురా? మళ్ళా బిడ్డనెత్తుకొని నీళ్ళల్లో నడుస్తావా?" ఒకసారి నేను, "అత్తా, ఈతూరి మనం బస్సులో పోదాం, పాత మాదిరి," అన్నాను. "బండి పెట్టుకొని బిడ్డను దుమ్ములో తిప్పుతారామ్మే? వొద్దు. మంచిగా పోయి రాండి."

పాపకు ఇప్పుడు ఆయాసం తగ్గుముఖం పట్టింది. సూది వేసేటప్పుడు మాత్రం నా ఒళ్ళో గింజుకుంటూ "అవ్వా" అని తలుపు వైపు చూస్తుంది. మొన్న కూడా అంతే. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది, పక్కన పాప నిద్రపోతున్నా.

మొన్న సాయంత్రం ఇంటికి రాగానే అత్త ఎదురొచ్చి పాపను అందుకుంది. కాళ్ళు కడిగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎప్పటిలాగే అడిగింది.

"దోవలో ఎవురన్నా కనపడినారామ్మే? కనకాంబరాల ఆమె ఉండిందా?"

బండి ఆగకుండా వచ్చేసింది, ఆ స్టాపు దాటినట్టే నాకు గుర్తులేదు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి, దుమ్ము రాకుండా గట్టిగా మూసుకుంటాయా అని నేనే ఏరి కోరి చూసిన అద్దాలు.

"చూడలేదత్తా," అన్నాను.

"ఉంటాది లే," అంది అత్త, పాప కాలివేళ్ళు తుడుస్తూ.