ఆఫీసరుగారు కలుపు తీశారు

యుద్ధం వల్ల పెట్రోలు కరువు కదా, బొగ్గుతో నడిచే బస్సులో ఈ రోజు మా వ్యవసాయ ఆఫీసరుగారితో బెంగళూరు నుంచి సర్జాపుర వెళ్లాను. నేను ఆయన గుమాస్తాను. అక్కడ నంజమ్మ అనే పెద్దావిడ రాగి చేలో కలుపు తీస్తోంది. ఆయన గట్టు మీద నిలబడి ఆమెకు వంశగుణాల శాస్త్రం చెప్పారు. రాగిలా కనిపించని గడ్డినంతా తరతరాలుగా మనుషులు పీకేశారట. అచ్చం రాగిలా ఉన్న కలుపు మాత్రం తప్పించుకుని విత్తనం రాల్చిందట. ఆ గుణమే నిలిచిపోయి, ఇవాళ అడవి రాగి అనే ఆ కలుపు అచ్చం రాగిలాగే మొలుస్తోందట. చెప్పడం అయ్యాక ప్యాంటు మడిచి, చేలోకి దిగి, స్వయంగా ఒక సాలు శుభ్రం చేశారు.

ఆయన పీకి పడేసిన మొక్కలను నంజమ్మ ఏరి చూసింది.

"ఇదంతా మంచి రాగి కదప్పా! అడవి రాగి ఆడనే నిలబడుకోని ఉండాది."

ఆయన గట్టెక్కి ప్యాంటు మడతలు విప్పుకున్నారు.

"అడవి రాగి అట్లెట్లా తయారైందో ఇప్పుడు తెలిసింది సామీ," అంది నంజమ్మ. "మీ మాదిరోళ్లు చానామంది దిగింటారు చేలోకి."

రిపోర్టులో 'రైతుకు విషయం పూర్తిగా అర్థమైంది' అని రాయమన్నారు. రాశాను. ఇందులో అబద్ధమేమైనా ఉందా, మీరే చెప్పండి.