నా భుజాల మీద ఎవరూ లేరు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో సందేహం ఉండేది కాదు. దేవుడు లేడన్నది ఒకటి, నేను కలెక్టరునవుతానన్నది రెండోది. మొదటిదాని మీద ఇప్పటికీ సందేహం లేదు. (రెండోదాని మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.) గుంటూరు జిల్లా హేతువాద సభల్లో పురోహితుల్నీ పాస్టర్లనీ ముల్లాల్నీ సమానంగా విసిగించి, ఆ ఊపులోనే ఢిల్లీ వచ్చి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేరాను. అటువైపు మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. నా రూమ్మేటు కర్నూలు కుర్రవాడు. గోడల నిండా దేశపటాలు అంటించి చదివేవాడు కనుక అందరం ‘మ్యాపు’ అనేవాళ్ళం. ముస్లిం. రోజుకు ఐదుసార్లు నమాజు చేసేవాడు, ఐదుసార్లూ నేను వాదన పెట్టుకునేవాణ్ణి. అతను ఒక్కసారి కూడా జవాబు చెప్పేవాడు కాదు. చాప మడిచి, “టీకి పోదామాప్పా” అనేవాడు. ఇంత అసమర్థుడైన ప్రత్యర్థి దొరికినందుకు నాకు జాలి వేసేది.

పరీక్ష మూడు వారాల్లో ఉందనగా మా ఓనరు ఇల్లు పడగొట్టి కడతానన్నాడు, శనివారంలోగా ఖాళీ చేయమన్నాడు. నాలుగు ఇళ్ళు తిరిగాం. నాలుగింట్లోనూ గది ఖాళీగానే ఉంది, మ్యాపు పేరు చెప్పగానే మాత్రం అది ‘ఇప్పుడే’ ఎవరికో ఇచ్చేసినట్టు వాళ్ళకు గుర్తొచ్చింది. నాలుగో ఇంటి మెట్లు దిగుతూ మ్యాపు, “నువ్వు ఒక్కనివే తీసుకోప్పా. నేను ఘాజియాబాద్‌లో మా మామ దగ్గర ఉంటా” అన్నాడు. ఆ మామ ఇల్లు నేను చూశాను. రెండు గదులు, ఏడుగురు మనుషులు, రోజంతా వాగే టీవీ. అక్కడికి వెళ్ళడమంటే ఆ ఏడు పరీక్ష వదులుకోవడమే.

నాలోని సంస్కర్త లేచాడు. ఇది ద్వేషం కాదు, అజ్ఞానం. ఇస్లాం అంటే ఏమిటో పావుగంట చెబితే విడిపోతుంది అన్నాను. ఖండించడానికి చదివిన పుస్తకాలన్నీ నా బుర్రలో భద్రంగా ఉన్నాయి. “నీ హిందీతోనా?” అన్నాడు మ్యాపు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, అతని హిందీ నీళ్ళలా పారేది. నాది రైల్వే స్టేషన్‌లో కూలీతో బేరానికి సరిపడే హిందీ. అయినా, “నువ్వు నోరు విప్పకు. ఇందులో నీకు స్వప్రయోజనం ఉంది, నీ సాక్ష్యం చెల్లదు” అన్నాను. (సభల్లో ఇలాగే అనేవాళ్ళం.)

ఐదో ఇల్లు ఒక పంజాబీ ఆంటీది. మేడ మీద ఒంటి గది, బర్సాతీ అంటారు. ఆమె మేడ మీద మంచం వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. పేరు విని చెయ్యి ఆపింది. గది ఇప్పుడే ఇచ్చేశానని గుర్తు తెచ్చుకునే లోపల నేను అందుకున్నాను. దేవుడు ఒక్కడే అని వీళ్ళ నమ్మకం, ఆయనకు రూపం లేదు, పుట్టుక లేదు. మంచి చెప్పడానికి ప్రవక్తల్ని పంపాడు, గ్రంథాలు ఇచ్చాడు. చివరికి ఒక తీర్పు రోజు ఉంటుంది. ఇంకా, ప్రతి మనిషికీ ఇద్దరు దేవదూతలు, కుడి భుజం దగ్గర ఒకరు మంచి పనులు రాస్తారు, ఎడమవైపు ఇంకొకరు చెడ్డపనులు రాస్తారు. జన్మలో దేన్నీ ఇంత భక్తిగా చెప్పలేదు.

“అచ్ఛా. ఇరవైనాలుగు గంటలూ?”

“నిద్రలో కూడా, ఆంటీ.” (నిద్రలో రాస్తారో లేదో నాకు తెలియదు. మ్యాపు వైపు చూడలేదు.)

“జీతం లేని చౌకీదార్లన్నమాట. తాగుతాడా?”

“నిషిద్ధం ఆంటీ.”

“పొద్దున్నే లేస్తాడా?”

“సూర్యుడికన్నా ముందు. రోజుకు ఐదుసార్లు కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజు చేస్తాడు.”

అక్కడ దెబ్బ తిన్నాను. ఆమె బఠాణీల పళ్ళెం పక్కన పెట్టింది. “ఐదుసార్లా? ఇక్కడ మున్సిపల్ నీళ్ళు పొద్దున గంటసేపే వస్తాయి బేటా. నా ట్యాంకు ఖాళీ చేస్తాడా?” మ్యాపు అక్కడున్న నీళ్ళ బకెట్లోంచి ఒక్క మగ్గు తీసుకుని, గోడవారగా గొంతుక్కూర్చున్నాడు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, తడిచేత్తో తల, ఆఖర్న పాదాలు. లేచి మగ్గు చూపించాడు. అడుగున ఇంకా నీళ్ళున్నాయి. పారే ఏటి ఒడ్డునైనా నీళ్ళు వృథా చెయ్యకూడదని వీళ్ళ మతంలో ఉందని నేను పక్కనుంచి వ్యాఖ్యానం చెప్పాను.

“మా అబ్బాయి పళ్ళు తోముకోవడానికి బకెట్ పారబోస్తాడు,” అంది ఆంటీ. “ఠీక్ హై. శనివారం రమ్మను.” విజయగర్వంతో నేను వంగి దండం పెట్టబోతుండగా అడిగింది, “మరి నీ భుజాల మీద ఎవరున్నారు?”

“ఎవరూ లేరు ఆంటీ. నేను దేవుణ్ణి నమ్మను.”

“ఏ దేవుణ్ణీ?”

“ఏ దేవుణ్ణీ.”

ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. “అయితే నువ్వు ఎవరికి భయపడతావు? ఇతనికి గది ఇస్తాను. నీకివ్వను.”

మనస్సాక్షి గురించి చెప్పబోయాను. దానికి హిందీ మాట తెలియక గుండె మీద చెయ్యి వేసి చూపించాను. “గుండెజబ్బు కూడా ఉందా?” అని కంగారుపడింది. మూడు వందల మంది ముందు పండితుల్ని ఓడించిన నేను, మేడ మీద బఠాణీ తొక్కల మధ్య ఓడిపోయాను.

అప్పుడు మాట్లాడాడు మ్యాపు. “ఆంటీజీ, ఇతని పూచీ నాది. అబద్ధం ఆడటం రాదు ఇతనికి. వస్తే ఇప్పుడు మీకు దొరికేవాడు కాదు. ఇతను లేకుంటే నాకూ గది వద్దు.”

ఆమె బఠాణీల పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “తేడా వస్తే నిన్నే అడుగుతా.”

“అడగండి.”

మెట్లు దిగుతూ నేను మండిపడ్డాను. నా నడతకు ఒక విశ్వాసి హామీ ఏమిటి, ఇది సూత్రానికే విరుద్ధం, నువ్వు పూచీ పడకుండా ఉండాల్సింది అన్నాను. “సరేప్పా, పైకి పోయి వద్దని చెప్పొస్తావా?” అన్నాడు. నేను పోలేదు. ఆ గదిలో రెండేళ్ళున్నాం. ఆంటీ ఎప్పుడూ నన్ను పలకరించకుండా, నా గురించి అతన్నే అడిగేది. “ఇంకా మారలేదు ఆంటీజీ, కానీ పర్వాలేదు,” అని అతను నివేదిక ఇచ్చేవాడు.

విశ్వాసం మనిషి నడతకు పూచీ కాదని నేను ఇప్పటికీ రాస్తున్నాను, ఆ మాట వెనక్కి తీసుకోను. మొన్న మా పై వాటా అద్దెకు చూడటానికి ఒక కుర్రవాడు వచ్చాడు. నేను అడక్కుండానే, తనకు కులం లేదు, మతం లేదు, దేవుడు లేడు అని ఛాతీ విరిచి చెప్పాడు. కౌగిలించుకోవాల్సినవాణ్ణి. తీరా నా నోట్లోంచి వచ్చిన మాట, “అదంతా సరే బాబూ, నీ గురించి చెప్పే స్నేహితుడెవడైనా ఉన్నాడా?”